ముందు గల్లీ, తరువాతే రహదారి

చికాగోలో స్థిరపడిన మా మిత్రుని కుమారుడు మొన్నటి శీతకాలంలో ఫోనులో ఒక గోడు వెళ్ళబోసుకున్నాడు. మంచు కురిసిన రాత్రే పెద్ద రహదారులను యంత్రాలతో శుభ్రం చేస్తారట. వాళ్ళ ఇంటి ముందున్న చిన్న వీధికి మాత్రం యంత్రం ఎప్పుడు వస్తుందో తెలియదట. పైగా పెద్ద రోడ్డు మీది మంచును తోసుకొచ్చి వీధి మొదట్లో గుట్టగా వదిలిపోతారట. నాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. ఆ మాటల్లో మంచు తీసి బురద పెడితే అది మన జనగామ, మన మానుకోట, మన భూపాలపల్లి కథే.

వానాకాలంలో ఈ మూడు పట్టణాలలో దేనికైనా వెళ్ళి చూడండి. జనగామలో హైదరాబాద్–వరంగల్ రహదారి, భూపాలపల్లిలో బొగ్గు లారీలు తిరిగే దారి, మహబూబాబాద్‌లో స్టేషన్‌కు పోయే దారి వాన వెలిసిన కొంతసేపటికే నడకకు వీలవుతాయి. వాటి నుండి పక్కకు తిరిగి లోపలి వాడల్లోకి నాలుగడుగులు వేయండి. మడమ లోతు బురద, పొంగిన మోరీ, దాని పక్కనే మోరీలోంచి తీసి ఒడ్డున పోసి వదిలేసిన పూడిక కనిపిస్తాయి. మరునాటి వానకు ఆ పూడిక మళ్ళీ మోరీలోకే చేరుతుంది. పాత సీసీ రోడ్డు మీదే కొత్త సీసీ రోడ్డు పోయడం వలన ఇండ్ల గడపలు వీధి కంటే కిందికి పోయాయి. నీరు పోవలసిన చోటికి పోక ఇంట్లోకి వస్తున్నది.

అడిగితే వచ్చే సమాధానం ఒక్కటే: "ముందు మెయిన్ రోడ్డు సార్, తరువాత గల్లీలు." ఈ క్రమం తప్పని నేను వైద్యునిగా చెప్పదలచుకున్నాను. ఇది కేవలం ఇంజనీర్లు తేల్చే విషయం కాదు. ఆరోగ్యానికి సంబంధించిన విషయం.

పెద్ద రహదారి మీద పోయేవారిలో అధికులు వాహనాలలో పోతారు. గల్లీలో నడిచేవారు ఎవరు? నిండు గర్భిణులు, అంగన్‌వాడీకి పోయే పసివాళ్ళు, కర్ర పట్టుకొని మందుల దుకాణానికి బయలుదేరిన వృద్ధులు. అరవై దాటిన స్త్రీ బురదలో జారిపడితే తొడ ఎముక మెడ దగ్గర విరగడం చాలా సులభం. విరిగిన ఎముక అతుకుతుందేమో గాని, మంచానికి పరిమితమైన ఆ తల్లికి పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులకు నిమ్ము చేరుతుంది, కాలి సిరలలో రక్తం గడ్డ కడుతుంది. "జారిపడింది, ఆ తరువాత లేవలేదు" అన్న మాట నా ఉద్యోగ జీవితంలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

మధుమేహం ఉన్నవారి పాదాలలో స్పర్శ తగ్గుతుంది. మురుగులో నడిచినపుడు గుచ్చుకున్న గాజుపెంకు వారికి తెలియదు. పాదం కుళ్ళు పట్టిన తరువాతే తెలుస్తుంది. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో నడిస్తే పగిలిన చర్మం గుండా లెప్టోస్పైరోసిస్ క్రిములు శరీరంలోకి ప్రవేశించగలవు. డెంగ్యూ దోమ నిలిచిన మంచినీటిలో గుడ్డు నుండి రెక్కలు వచ్చేదాకా ఎదగడానికి సుమారు వారం, పది రోజులు చాలు. బోదకాలు వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమకు మురుగు మోరీయే పుట్టిల్లు. "గల్లీ సంగతి పదిహేను రోజుల తరువాత చూద్దాం" అంటే ఒక తరం దోమలకు జన్మనిస్తున్నామని అర్థం.

నేను పనిచేసిన ఒక పట్టణంలో నొప్పులు పడుతున్న ఒక గర్భిణిని నులకమంచం మీద నలుగురు మోసుకొచ్చారు. వాహనం పెద్ద రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడి నుండి ఆసుపత్రి దూరం పది నిమిషాలే. ఇంటి నుండి వాహనం దాకా మాత్రం అరగంటకు పైగా పట్టింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ అరగంటను ఏ రికార్డులో రాయాలో నాకు నేటికీ తెలియదు.

"పెద్ద రోడ్డు మూసుకుపోతే అంబులెన్స్ కూడా రాదు కదా" అని మీరనవచ్చు. నిజమే. కాని రోగి ప్రయాణం మొదలయ్యేది హైవే మీద కాదు, తన గడప దగ్గర. స్వీడన్‌లోని కార్ల్‌స్కోగా అనే చిన్న పట్టణం ఈ సంగతి గ్రహించింది. అక్కడ మంచు తొలగించే క్రమాన్ని తిరగవేసి, కాలిబాటలు, సైకిల్ దారులు, బడులకు పోయే మార్గాలు ముందు, కార్ల రోడ్లు తరువాత అన్నారు. పలుచని మంచులో కారు నడుస్తుంది. నడిచే మనిషే జారిపడతాడు, అందులోనూ స్త్రీలు ఎక్కువ.

శక్తి లేదనడం కూడా ఒప్పుకోను. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం వద్ద వరదకు రైలు కట్ట కొట్టుకుపోతే, రాత్రింబవళ్ళు పనిచేసి కొద్ది రోజులలోనే రైళ్ళు నడిపించారు. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగినపుడు ఆకాశంలో హెలికాప్టర్లు వచ్చాయి. ఆపద పెద్దదైతే యంత్రాంగం కదులుతుంది. రోజుకొకరిని పడగొట్టే చిన్న ఆపద మాత్రం ఎవరి కంటికీ ఆనదు.

ఇక నిధుల మాట. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు ప్రజలు తమ మురుగు కాలువల దుస్థితిపై మెజిస్ట్రేటును ఆశ్రయించారు. డబ్బు లేదని మునిసిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వాదించింది. 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ వాదనను తోసిపుచ్చారు. ప్రజారోగ్యం కాపాడే బాధ్యత నుండి తప్పించుకోవడానికి నిధుల లేమి సాకు కాదని తేల్చారు. నాడు ప్రజలకు అక్కరకు వచ్చిన చట్టపు నిబంధన నేడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షన్‌గా ఉన్నది. దాని కింద మన ఆర్డీవో గారికి అర్జీ పెట్టుకోవచ్చు.

మనం అడగవలసినవి నాలుగు. వానాకాలానికి ముందే ప్రతి వార్డులో ఏ గల్లీ ఎప్పుడు శుభ్రమవుతుందో జాబితా రాసి గోడకు అంటించాలి. గర్భిణులు, డయాలిసిస్ రోగులు, మంచాన పడినవారు ఉన్న వీధులు ఆ జాబితాలో ముందుండాలి. ఆ ఇండ్లు ఏవో మన ఆశా కార్యకర్తలకు తెలుసు. తీసిన పూడికను ఆ రోజే ఎత్తివేయాలి. పాత రోడ్డును తవ్వకుండా దాని మీద కొత్త రోడ్డు పోయరాదు.

మన తప్పూ ఉన్నది. మోరీ మీద మెట్లు కట్టుకున్నదీ, కవర్లు అందులో విసిరినదీ మనమే. మెట్లు మనమే తొలగించుకుందాం. ఆ తరువాత అర్జీ రాద్దాం. తొలకరికి ముందే రాద్దాం. నులకమంచం ఎత్తవలసిన రోజు వచ్చాక అర్జీకి విలువ ఉండదు.