కొబ్బరి పాల కూర వండాలంటే చెట్టేది? హైయాన్ మిగిల్చిన లెక్క ఇదీ..

నవంబర్ 8 వచ్చిందంటే ఫిలిప్పీన్స్‌లోని టాక్లోబాన్ నగరంలో కొవ్వొత్తులు వెలుగుతాయి. 2013లో అదే రోజు తెల్లవారుజామున హైయాన్ తుపాను విరుచుకుపడింది. అక్కడివాళ్లు దాన్ని యోలాండా అంటారు. అధికారిక లెక్కల ప్రకారమే 6,300 మంది చనిపోయారు. వెయ్యి మందికి పైగా ఆచూకీ దొరకలేదు. సామూహిక ఖననం చేసిన చోట తెల్ల శిలువలు వరసగా ఉంటాయి. ఏ శిలువ కింద ఎవరున్నారో తెలీదు. దాంతో చాలా కుటుంబాలు ఏదో ఒక శిలువను తమవాళ్లదే అనుకుని దాని మీద పేరు రాసుకుంటాయి.

పోయినవాళ్ల సమాధి దగ్గరకి వంట చేసి తీసుకెళ్లడం ఫిలిప్పీన్స్‌లో ఆనవాయితీ. తుపాను దెబ్బతిన్న లేటే, సమార్ దీవుల్లో వంటంటే కొబ్బరి పాలు ఉండాల్సిందే. కొబ్బరి పాలతో చేసే వంటలన్నింటినీ గినతాన్ అంటారు. అందులో ఇళ్లలో తరచూ చేసేది గుమ్మడికాయ, అలసంద కాయలు, రొయ్యల కూర. వెల్లుల్లి, ఉల్లిపాయ, అల్లం వేయించి, ముందు రెండోసారి పిండిన పల్చటి పాలలో గుమ్మడి ముక్కలు ఉడికిస్తారు. చివర్లో రొయ్యలు, మొదటి పిండు చిక్కటి పాలు పోసి సన్న సెగ మీద దించుతారు. మంట పెరిగితే పాలు విరుగుతాయి. కోనసీమ వాళ్లకి ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

అయితే హైయాన్ తర్వాత ఈ కూరకి అసలు సరుకే లేకుండా పోయింది. సుమారు 3 కోట్ల 30 లక్షల కొబ్బరి చెట్లు దెబ్బతిన్నాయి. పది లక్షల మందికి పైగా రైతులు నష్టపోయారు. సహాయం కింద బియ్యం వచ్చింది, సార్డిన్ చేపల డబ్బాలు వచ్చాయి, నూడుల్స్ వచ్చాయి. కొబ్బరి చెట్టుని మాత్రం ఏ విమానమూ తేలేదు కదా! పొడవు రకం మొక్క నాటితే సరైన కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. పైగా కూలిన మొద్దులు కుళ్లితే వాటిలో కొమ్ము పురుగు పెరిగి, మిగిలిన చెట్లనీ తినేస్తుంది. అందుకే మొక్క నాటడం కంటే ముందు రంపాలు పట్టుకోవాల్సి వచ్చింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం రైతులకి ఈ బాధ బాగా తెలుసు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వాళ్ల కొబ్బరి, జీడి తోటల్ని ఒక్క రాత్రిలో నేలకూల్చింది. ఇల్లు ఏడాదిలో కట్టుకోవచ్చు, తోట అలా కాదు.. అన్నది అక్కడ ఎవర్నడిగినా చెప్పే మాట.

ఇక్కడే అసలు చిక్కుంది. తుపాను సాయం నెలల లెక్కన వస్తుంది, కొబ్బరి నష్టం ఏళ్ల లెక్కన సాగుతుంది. మధ్యలో రైతుకి దిక్కెవరు? నిజానికి డబ్బు లేక కాదు. మార్కోస్ హయాంలో, 1970ల్లో, కొబ్బరి రైతుల నుంచే లెవీ వసూలు చేశారు. ఆ సొమ్ము ఏళ్ల తరబడి కోర్టు వివాదాల్లో నలిగింది. హైయాన్ వచ్చే నాటికి రైతు చేతికి అందలేదు. దాన్ని రైతుల కోసం ట్రస్టు నిధిగా పెట్టే చట్టం 2021 ఫిబ్రవరిలో గానీ రాలేదు. అప్పటికి తుపాను వచ్చి ఏడేళ్లు దాటింది. అంటే నాటిన మొక్క కాపుకొచ్చేంత కాలం!

అదే ఏడాది డిసెంబర్‌లో రాయ్ తుపాను దక్షిణ లేటే తోటల మీద పడింది. రైతులు మళ్లీ రంపాలు తీశారు.

విదేశాల్లో ఉన్న ఫిలిపినోలు హైయాన్ తర్వాత విందులు పెట్టి విరాళాలు పోగేశారు. డబ్బా కొబ్బరి పాలు దొరికే దేశాల్లో గినతాన్ వండటం తేలికే. సొంతూళ్లో మాత్రం ఆ రోజుల్లో కాయ కొనుక్కోవాల్సి వచ్చింది.. అదీ నిన్నటి దాకా కాయలు అమ్మినవాళ్లే.