సజ్దా నుండి లేచే పెద్దల నాడి



ఎంతో తెలిసిన మనిషి కూడా వార్ధక్యంలో ఏమీ తెలియని స్థితికి చేరవచ్చునని దివ్య ఖుర్ఆన్ అన్‌నహ్ల్ సూరా 70వ ఆయతు మనకు తెలియజేస్తున్నది. నేడు వైద్యులు డిమెన్షియా అని పిలిచే వ్యాధిలో ఆ స్థితి మన కళ్లకు కడుతున్నది. మన దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నదని 2023లో వెలువడిన ఒక జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. అంటే సుమారు 88 లక్షల మంది.

దీనిని కేవలం మతిమరుపుగా భావించడం సరికాదు. గుండె కొట్టుకోవడం, రక్తపోటు, చెమట, జీర్ణక్రియ మన ఆజ్ఞ లేకుండానే జరిగిపోతుంటాయి. వీటిని నడిపేది స్వయంచోదిత నాడీ వ్యవస్థ. మనం లేచి నిలబడగానే రక్తం కాళ్ల వైపు దిగుతుంది. క్షణాలలో ఈ నాడులు రక్తనాళాలను బిగించి, గుండె వేగాన్ని కాస్త పెంచి, మెదడుకు రక్తం తగ్గకుండా కాపాడతాయి. ఆరోగ్యవంతుని గుండె శ్వాస తీసుకునేటప్పుడు కొద్దిగా వేగిరపడి, విడిచేటప్పుడు నెమ్మదిస్తుంది. డిమెన్షియా ఉన్న పలువురిలో ఈ సర్దుబాటు శక్తి తగ్గుతుంది. ల్యూయీ బాడీ రకంలోనూ, పార్కిన్సన్ వ్యాధితో కలిసి వచ్చే రకంలోనూ ఇది మరింత ఎక్కువ.

విజయవాడ వించిపేటలోనైనా, మచిలీపట్నంలోనైనా, ఇంట్లో పెద్దాయన సజ్దా నుండి ఖియాముకు లేస్తూ తూలిపడితే "చూసుకుని లేవకూడదా?" అని కసురుకోవడం జరుగుతుంటుంది. కళ్లు చీకట్లు కమ్మిన సంగతి ఆయన చెప్పలేరు, మరుక్షణమే మరచిపోతారు. కనుక ఆయన తరఫున గమనించవలసినది మనమే.

ఇబ్ను సీనా తన 'అల్ ఖానూన్'లో నాడి పరీక్షను వివరంగా చర్చించాడు. మణికట్టు మీద వేళ్లుంచి పూర్తిగా 1 నిమిషం లెక్కించడం ఇంట్లో ఎవరైనా నేర్చుకోవచ్చు. నాడి 50 కన్నా తగ్గినా, లయ తప్పుతున్నా డాక్టరుకు చెప్పాలి. లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. అది మతిని మరింత దెబ్బతీస్తుంది. రక్తపోటును పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక 1వ, 3వ నిమిషాలలో మళ్లీ చూడాలి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే పుస్తకంలో రాసి డాక్టరుకు చూపాలి. డోనెపెజిల్ వంటి మతిమరుపు మాత్రలు కొందరిలో నాడిని మందగింపజేస్తాయి. బి.పి., ప్రోస్టేటు మాత్రలలో కొన్ని నిలబడినప్పుడు రక్తపోటును దించుతాయి. అయినా వేటినీ సొంతంగా మాన్పించరాదు. మాత్రలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందుంచాలి.

మన కృష్ణాతీరపు ఎండలు తెలిసినవే. దాహం వేసినా నీరు అడగడం మరచిన వృద్ధునికి మనమే అందించాలి. నీరు తగ్గితే రక్తపోటు మరింత పడిపోతుంది.

ఇక ధర్మం విషయం. నిలబడలేనివారు కూర్చుని, అదీ చేతకానివారు పడుకుని నమాజు చేయవచ్చునని బుఖారీ హదీసు ద్వారా మనకు తెలుస్తున్నది. కుర్చీలో చేసే నమాజు లోటు కాదు, అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటు. తెలివి పూర్తిగా కోల్పోయినవారిపై నమాజు, ఉపవాసాల బాధ్యత లేదు. తెలివి ఉండి ఉపవాసం పాటించే శక్తి తిరిగి రాదనుకునే వృద్ధులకు ఫిదియా మార్గం ఉన్నది. మీ ఇంటి పరిస్థితికి ఏది వర్తిస్తుందో మస్జిదు ఇమామును అడగండి. పరువు కోసం వారిని బలవంతంగా నిలబెట్టకండి, పస్తులుంచకండి.

తల్లిదండ్రులను విసుగుతో 'ఉఫ్' అని కూడా అనరాదని బనీ ఇస్రాయీల్ సూరా ఆదేశిస్తున్నది. ఆ ఆదేశం వారు వార్ధక్యానికి చేరిన సందర్భాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నది. మరచిపోయేవారికి అదే మాట పదిసార్లు చెప్పేటప్పుడు, లేవడానికి చేయి అందించేటప్పుడు ఆ ఆదేశం మనకు గుర్తుండాలి.

మన పెద్దల పట్ల కరుణను, సహనాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.