కంటి క్యాంపులూ, ఆరోవారం లెక్కా

మన కాలేజీ ఎన్.ఎస్.ఎస్. వారు కంటి క్యాంపు పెట్టిన ప్రతి ఏడూ ఈ సంచికలో ఒక వార్త వస్తుంది. ఎన్ని వూళ్ళు తిరిగారు, ఎంతమందిని పరీక్ష చేయించారు, ఎందరికి శుక్లాల ఆపరేషన్లు అయ్యాయి అన్నది అంకెలతో సహా వేస్తారు. పక్కన ముసలివాళ్ళు కంటికి కట్లతో వరసగా కూచున్న ఫోటో. నేనూ ఆ క్యాంపుల్లో బల్లలు మోసినవాణ్ణే. ఆ అంకె చూస్తే నాకూ సంతోషమే. కాని దానిమీద నాకొక పేచీ వున్నది. వ్యవసాయదారుణ్ణి ఎవరూ "ఎన్ని ఎకరాలు వేశావు" అని అడిగి వూరుకోరు, "ఎంత పండింది" అని కూడా అడుగుతారు. మనం ఏటేటా అచ్చువేస్తున్నది వేసిన ఎకరాల లెక్క ఒక్కటే.

పండినదాన్ని కొలవటానికి కొలత లేకపోలేదు. 6/18 అని డాక్టర్లు రాస్తారు చూడండి. మంచి చూపున్నవాడు 18 మీటర్ల దూరాన చదివే అక్షరాన్ని ఈ మనిషి 6 మీటర్లకు వస్తేగాని చదవలేడని దాని అర్థం. శుక్లాల ఆపరేషన్ తరవాత, రోగి దగ్గర అప్పటికి ఏ కళ్ళజోడు వుంటే దానితో, లేకపోతే లేకుండానే, నూటికి 80 కళ్ళకు తక్కువ కాకుండా 6/18 గాని అంతకన్నా మెరుగుగా గాని చూపు రావాలనీ, 6/60 కన్నా హీనంగా మిగిలిన కళ్ళు నూటికి 5కి మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో హద్దు గీసింది. మరి మన క్యాంపుల్లో జరిగేదేమిటి? మర్నాడు పొద్దున కట్టు విప్పి ఎదురుగా నిలబడి "ఎన్ని వేళ్ళమ్మా?" అంటారు. "మూడు నాయనా" అంటుంది ముసలమ్మ. అందరం చప్పట్లు కొడతాం. మామూలు కన్ను 60 మీటర్ల నుంచి లెక్కపెట్టగల వేళ్ళను ఆమె ఒక మీటరు నుంచి లెక్కపెట్టింది. లెక్క ప్రకారం అది 1/60. ఆపరేషనైన మర్నాడు కంట్లో ఇంకా వాపు వుంటుంది కాబట్టి ఆ రోజుకు అది చాలు. పేచీ అల్లా ఆ ఒక్కరోజు పరీక్షతోనే పుస్తకం మూసెయ్యటం దగ్గర.

ఇక్కడ కాస్త ఫిజిక్స్ చెప్పుకోక తప్పదు. కంటిలోపల కృత్రిమ కటకాన్ని మొట్టమొదట పెట్టినవాడు లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలోని హెరాల్డ్ రిడ్లీ. తేదీ 1949 నవంబర్ 29. ఆపరేషన్ జయప్రదమైంది, కటకం నిలిచింది. తీరా చూస్తే ఆ రోగికి సుమారు మైనస్ 18 డయాప్టర్ల హ్రస్వదృష్టి వచ్చింది! సహజమైన కటకం ఆకారాన్నే పెర్‌స్పెక్స్ ప్లాస్టిక్కులో తీశారు గాని, ఆ ప్లాస్టిక్కు వక్రీభవన గుణకం 1.49. చుట్టూ వుండే కంటినీరుది 1.336. కాంతిని వంచేది ఈ రెంటి మధ్య తేడాయే. సహజ కటకం విషయంలో ఆ తేడా ఇందులో దాదాపు సగం. ఆకారం అదే, పవరు మాత్రం రెట్టింపు. చెయ్యి తిరిగిన సర్జను చేసిన పని ఇది. కత్తి తప్పు చెయ్యలేదు, కొలత తప్పింది.

ఆ కొలతకు 1980లో శాండర్స్, రెట్‌జ్లాఫ్, క్రాఫ్ అనే ముగ్గురు ఒక సులభసూత్రం ఇచ్చారు. కటకాన్ని బట్టి 118 చిల్లర వుండే ఒక స్థిరాంకం తీసుకుని, అందులోనుంచి కంటి పొడవు మిల్లీమీటర్లకు రెండున్నర రెట్లూ, కార్నియా వంపు డయాప్టర్లకు 0.9 రెట్లూ తీసివెయ్యాలి. కంటి పొడవు 23.5, వంపు 44, స్థిరాంకం 118.4 అనుకోండి. కావలసిన కటకం సుమారు 20 డయాప్టర్లు. పొడవు కొలవటంలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే కటకం పవరులో రెండున్నర డయాప్టర్ల తప్పు. ఇప్పుడు ఇంతకన్నా నమ్మకమైన సూత్రాలు వచ్చాయి. కాని ఏ సూత్రమైనా మనం ఇచ్చిన కొలతనే నమ్ముతుంది. అల్ట్రాసౌండ్ కడ్డీని కంటికి కాస్త గట్టిగా ఆనిస్తే చాలు, కార్నియా నొక్కుకుపోయి కన్ను పొట్టిగా కనపడుతుంది, ఎక్కువ పవరు కటకం పడుతుంది, మనిషికి దూరం మసకవుతుంది. వరస పొడుగ్గా వుండి, కొలిచే కుర్రవాడు ఒక్కడే అయితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మా నాయనమ్మకు మూడేళ్ళ కిందట ఒక ఉచిత క్యాంపులో ఆపరేషన్ చేశారు. వేళ్ళు సరిగానే చెప్పింది. ఇంటికొచ్చాక బియ్యంలో రాళ్ళు ఏరుకునేది, దీపం వత్తి చేసుకునేది. వీధి మొగన నిలబడ్డ మనిషెవరో, వచ్చే బస్సు ఏ వూరిదో మాత్రం తెలిసేది కాదు. వయసు మీదపడిందన్నారు ఇంట్లో. "దేవుడు ఇంతవరకే ఇచ్చాడురా" అని ఆమే సరిపెట్టుకుంది. ఎనిమిది నెలల తరవాత వేరే పనిమీద టౌనుకు వెళ్ళినప్పుడు కళ్ళజోళ్ళ షాపులో పరీక్ష చేయిస్తే తేలింది, మైనస్ రెండు. ఆ జోడు పెట్టుకుని అటు రోడ్డు మీద సైన్‌బోర్డు కేసి చూస్తూ చాలాసేపు నిలబడింది. ఆ ఎనిమిది నెలలూ క్యాంపువారి రిజిస్టర్లో ఆమె జయప్రదమైన కేసే.

ఈ మాట అంటే కొందరు మిత్రులు "అదంతా పాత పద్ధతి వల్ల, మిషన్‌తో చేస్తే ఈ గొడవ వుండదు" అంటారు. ఫేకో మిషన్ మంచిదే. శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో పగలగొట్టి మూడు మిల్లీమీటర్లకు లోపు కోతలోంచి లాగేస్తారు. చేత్తో చేసే చిన్నకోత పద్ధతిలో కోత ఆరు మిల్లీమీటర్ల దాకా వుంటుంది, కుట్లు అక్కరలేదు. కోత పెద్దదయ్యేకొద్దీ కార్నియా వంపు చెదిరి అసమదృష్టి వస్తుంది, నిజమే. కాని పుణెలో నాలుగువందల మందిని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేసి పోల్చిన ఫలితం 2005లో అచ్చయింది, అది చూడండి. ఆరువారాల తరవాత కళ్ళజోడు లేకుండా 6/18 చూపు వచ్చినవాళ్ళు ఫేకోలో నూటికి 81, చేతిపద్ధతిలో 71. సరైన అద్దాలు పెట్టి చూస్తే రెండు జట్లలోనూ 98 పైచిలుకు! లక్షలు పోసి కొన్న మిషన్‌కీ, చెయ్యికీ మధ్య వున్న పది మార్కుల తేడాను ఒక కళ్ళజోడు తుడిచేసింది. నేపాల్లో చేసి 2007లో ప్రచురించిన ఇలాంటి పోలికలోనైతే ఆరునెలలకు అద్దాలు లేకుండానే చేతిపద్ధతికి 89, ఫేకోకు 85 వచ్చాయి. ఆపరేషన్‌కి పట్టిన కాలం చేత్తో 9 నిమిషాలు, మిషన్‌తో పదిహేనున్నర.

కాబట్టి ఆరోవారం పరీక్షా, ఆనాటి కళ్ళజోడూ ఆపరేషన్లో భాగమేనని నా వాదన. అవి దానిమీద కొసరు కావు. వెనకటి తరంలో కటకం తీసేసి సోడాబుడ్డి అద్దాలిచ్చేవారు. అవి పగిలినా, పోయినా మనిషి మళ్ళీ గుడ్డివాడే, అందుకని అద్దాల సంగతి ఎవరూ మరిచిపోయేవారు కాదు. ప్రపంచబ్యాంకు సాయంతో 1994 నుంచి 2002 దాకా మన రాష్ట్రంతో సహా ఏడు రాష్ట్రాల్లో నడిచిన శుక్లాల పథకం కాలంలో లోపల పెట్టే కటకం పల్లెలకూ వచ్చింది. 1992లో మదురైలో మొదలైన ఆరోలాబ్ దాన్ని చౌకగా తయారుచేసింది. ఎంతో మేలు జరిగింది. దాంతోపాటు "కంట్లోనే అద్దం వేశారుగా, ఇంక జోడెందుకు" అన్న మాట కూడా వచ్చింది.

హాస్టల్లో లాసిక్ చేయించుకున్న మిత్రులున్నారు. వాళ్ళ కార్నియాను గుంటమిట్టలతో సహా పటం గీసి, పావు డయాప్టరు తేడా వస్తే మళ్ళీ పిలుస్తారు. తప్పులేదు. (ఆ కాగితాలు పారెయ్యకండి. లాసిక్ అయిన కంటికి ముసలితనంలో శుక్లం వస్తే కటకం లెక్కకట్టటం కష్టం, అప్పుడు అవే ఆధారం.) అయిదెకరాల రైతు తల్లికి రెండు డయాప్టర్ల తేడా మాత్రం ఎవరికీ పట్టదా?

డాక్టర్లయిన మన పూర్వవిద్యార్థులు నన్ను మన్నించాలి. రోజుకు అన్ని కేసులు చేసేవారికి తీరిక వుండదని తెలుసు. ముసలివాళ్ళు మళ్ళీ రారనీ తెలుసు, బస్సు చార్జీ కావాలి, తోడుకు కూలి పోతుంది. వాళ్ళు రాకపోతే మనం వెళ్ళవచ్చు. ఊరూరా తిరిగి కళ్ళు చూడటం, అద్దాలు పంచటం అసాధ్యమేమీ కాదని తెలంగాణలో 2018లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనూ మొదలైన కంటివెలుగు కార్యక్రమాలు చూపించాయి. మన వాలంటీర్లు పేర్లు రాసుకునే పుస్తకంలో ఇంకో రెండు గళ్ళు గీస్తే సరి: ఆరోవారం చూపు జోడు లేకుండా ఎంత, జోడుతో ఎంత. 6/18 రానివాళ్ళ పేర్లు డాక్టరుగారికి అందించాలి. వచ్చే సంచికలో ఆపరేషన్ల అంకె పక్కన ఆ అంకె కూడా వెయ్యాలి, అది ఎంత తక్కువగా వున్నా సరే.

చార్టు అట్టమీద అచ్చయి దొరుకుతుంది. చదువురానివాళ్ళకు "ఈ" గుర్తు ఎటు తిరిగివుందో చేత్తో చూపించే చార్టు వుంది. ఆరు మీటర్లు కొలవటానికి ఫిజిక్స్ లాబులో టేపు వుంది. సంక్రాంతి తరవాత క్యాంపు పెడితే ఆరోవారం సరిగ్గా ప్రాక్టికల్ పరీక్షల ముందు పడుతుందని కార్యదర్శిగారు అప్పుడే అన్నారు. పడుతుంది. రికార్డులు ముందుగా రాసుకుందాం.