సాగర యాత్రికుని బస

యాత్రకు బయలుదేరేవాడు చూడబోయే వింతలను గురించి మొదట ఆలోచిస్తాడు. తల దాచుకొనే చోటును గురించి చిట్టచివర ఆలోచిస్తాడు. కాశీకి పోయేవానికైనా, కరేబియన్ సముద్రానికి పోయేవానికైనా ఈ అలవాటు ఒక్కటే. గాలి నింపిన లోహపు సీసాను వీపున కట్టుకొని, పగడపు దిబ్బల నడుమ చేపలతో పాటు తిరిగే స్కూబా డైవింగ్ వినోదం కోసం ఏటా వేలాదిమంది ఆ దీవులకు పోతున్నారు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు కూడా వారిలో లేకపోలేదు. ఏ దిబ్బ దగ్గర ఏ చేప కనిపిస్తుందో నెలల ముందుగా చదివి తెలుసుకొన్న మనిషి, బస విషయం వచ్చేసరికి ప్రకటనలోని పెద్ద బొమ్మను చూసి డబ్బు కట్టేస్తాడు. ఇది తలక్రిందుల వరుస. అతడు ఆ సముద్రాన్ని ఎట్లా చూడగలడన్నది, చాలావరకు, రాత్రి ఎక్కడ నిద్రపోతాడన్న దానిమీద ఆధారపడి ఉన్నది.

బొనేర్ ద్వీపాన్నే తీసుకొందాము. వెనెజువేలాకు ఉత్తరాన, 288 చదరపు కిలోమీటర్ల ఎండు నేల అది. ముళ్ళకంపలు, జెముడు మొక్కలు, అడవి గాడిదలు, దక్షిణాన ఉప్పుమళ్ళు. 2010 అక్టోబరు 10న నెదర్లాండ్స్ ఆంటిలీస్ అనే పాలనా విభాగం రద్దయినప్పటి నుంచి అది నెదర్లాండ్స్ రాజ్యంలో ఒక ప్రత్యేక పురపాలక ప్రాంతం. జనం మాట్లాడుకొనే భాష పాపియామెంటు. నేలమీద పచ్చదనం ఎంత తక్కువో, నీటిలో ప్రాణిసంపద అంత ఎక్కువ. ఆస్ట్రియా దేశీయుడైన హాన్స్ హాస్ 1939లోనే ఈ ప్రాంతానికి వచ్చి నీటి అడుగున ఛాయాచిత్రాలు తీశాడు. కూస్తో, గాన్యా అనే ఫ్రెంచివారు నేటి శ్వాససాధనానికి మూలమైన యంత్రాన్ని రూపొందించినది ఆ తరువాత, 1943లో. 1962లో డాన్ స్ట్యూవర్ట్ అనే అమెరికన్ నావికుడు తెరచాప ఓడలో వచ్చి బొనేర్‌లో దిగి, అక్కడివాడే అయిపోయినాడు. ఆ దిబ్బలను కాపాడాలని గట్టిగా పట్టుపట్టినవారిలో అతడొకడు. ఈటెతో చేపలను పొడవడం 1971లో నిషిద్ధమైనది. పగడాలను విరిచి తీసుకుపోవడం 1975లో నిషిద్ధమైనది. 1979లో, పోటు నీరు వచ్చి ఆగే గీత మొదలు 60 మీటర్ల లోతు వరకు ద్వీపం చుట్టూ ఉన్న సముద్రమంతా రక్షిత జలోద్యానమైనది. చేతులకు తొడుగులు వేసుకొని దిగడానికి వీలు లేదు. తొడుగు ఉన్న చేయి పగడాన్ని పట్టుకోవడానికి సంకోచించదు గదా!

ఈ ద్వీపంలో దిబ్బ చాలాచోట్ల ఒడ్డును ఆనుకొనే ఉంటుంది. రోడ్డు ప్రక్కన పసుపురంగు పూసిన రాళ్ళమీద ఒక్కొక్క రేవు పేరు వ్రాసి ఉంటుంది. బండి నిలిపి, సాధనాలు తగిలించుకొని, నడుచుకొంటూ నీటిలోకి దిగవచ్చు. పెద్ద హోటలు అమ్మే సరుకులలో ముఖ్యమైనది సముద్రతీరం. బొనేర్‌లో ఆ సరుకు దాదాపు ఊరందరి సొత్తు. కాబట్టి అక్కడ యాత్రికునికి కావలసినది వేరు: నాలుగైదు గదుల ఇల్లు, ఉప్పు కడుక్కోవడానికి మంచినీళ్ళ తొట్టి, తడిబట్టలు ఆరవేసుకొనే దండెం, ఇంత వంట చేసుకొనే చోటు, ఈవేళ గాలి ఎటు మళ్ళిందో చెప్పగల ఇంటివారు. మూడు ఈతకొలనులు, రెండు నాట్యశాలలు గల భవనంలో అన్నీ ఉంటాయి గాని, ఆ చివరిది దొరకడం కష్టం.

నిశ్శబ్దం విలాసమని కొందరు అనుకొంటారు. నీటిలోకి దిగేవానికి అది ఆరోగ్యసూత్రం. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఇంచుమించు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలోకి, కండరాలలోకి మామూలు కంటె ఎక్కువగా కరుగుతుంది. పైకి వచ్చేటప్పుడు అది నెమ్మదిగా వెలికి రావాలి. తొందరపడితే సోడాబుడ్డి మూత తీసినట్లు బుడగలు కట్టి, కీళ్ళ నొప్పి మొదలు పక్షవాతం దాకా తెస్తుంది. ఒంట్లో నీరు తగ్గినా, మద్యం పుచ్చుకొన్నా, నిద్ర చాలక అలసిపోయినా అపాయం పెరుగుతుందని ఈ విద్య నేర్పేవారు హెచ్చరిస్తారు. అర్ధరాత్రి దాకా బాజాలు, ఎంత త్రాగినా వేరే లెక్క లేని పానశాల, తెల్లవారగానే పడవ ఎక్కమని పిలుపు - ఈ మూడింటినీ ఒకే వెలకు కట్టగట్టి అమ్మేవారు ఏమి అమ్ముతున్నారో కొనేవాడు ఆలోచించుకోవాలి.

చివరి రోజు సంగతి ఒకటి ఉన్నది. వరుసగా కొన్ని రోజులు మునిగినవాడు చివరి మునక తరువాత కనీసం 18 గంటలు గడవనిదే విమానమెక్కరాదు; చాలామంది పూర్తిగా ఒక రోజే విడుస్తారు. అంటే ఎంత ఖర్చుపెట్టి వచ్చినా ఒక పగలంతా నేలమీదనే గడపక తప్పదు. ఆ రోజున పెద్ద హోటలులోని మనిషికి తోచదు. చిన్న ఇంటి వసారాలో కూర్చున్నవానికి ఊరు కనబడుతుంది.

తెలుగు సాహిత్యం చదువుకొన్నవారికి ఇటువంటి బస కొత్త కాదు. క్రీడాభిరామంలోని ఓరుగల్లులో పూటకూటి ఇల్లు ఉన్నది; కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఉన్నది. వెల తీసుకొని అన్నం పెట్టినా, పెట్టేది ఒక మనిషి; తినేవాని మంచిచెడ్డలు ఆ మనిషికి తెలుస్తాయి, ఆ మనిషి నోటి దురుసు తినేవానికీ తెలుస్తుంది. ‘ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం’ అన్న సామెత చిన్న ఇంటిని ఎగతాళి చేసింది గాని, ఆ సామెత కట్టినవాడు నాలుగు వందల గదుల హోటలులో తన గది ఏదో వెదుక్కొని ఉండడు.

బొనేర్‌కు దూరంగా, ఈశాన్య దిక్కున సాబా అనే మరొక చిన్న దీవి ఉన్నది. అదీ నెదర్లాండ్స్ పాలనలోనిదే. సముద్రంలోనుంచి నిట్టనిలువుగా లేచిన అగ్నిపర్వతం అది. 13 చదరపు కిలోమీటర్లు, ఇంచుమించు రెండువేల జనం. అక్కడ రోడ్డు వేయడం సాధ్యం కాదని ఇంజనీర్లు తేల్చగా, జోసెఫస్ లాంబర్ట్ హాసెల్ అనే స్థానికుడు ఉత్తరాల ద్వారా ఇంజనీరింగు పాఠాలు చదివి, 1938లో ఊరివారితో కలిసి పని మొదలుపెట్టాడు. 1963లో తెరచిన విమానాశ్రయంలో రన్‌వే పొడవు 400 మీటర్లు మాత్రమే. పెద్ద విమానం దిగలేదు, చెప్పుకోదగిన ఇసుకతీరం లేదు. అందువల్ల పెద్ద హోటళ్ళకు ఆ దీవిమీద ఆశ పుట్టలేదు. 1987లో దాని చుట్టూ జలోద్యానం ఏర్పడినది. బసలన్నీ చిన్నవే. ఏరులు లేని ఆ దీవిలో ఇంటికప్పు మీద పడిన వాననీటిని ఇంటి తొట్టిలోకి మళ్ళించి దాచుకోవడం తరతరాల అలవాటు. అటువంటి ఇంట్లో దిగినవాడు కుళాయి తిప్పిన ప్రతిసారీ ఎవరి వానను వాడుకొంటున్నాడో తెలుసుకొంటాడు. రాయలసీమలో పుట్టినవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

నిశ్శబ్దం అన్న మాటను సముద్రం విషయంలో కొంచెం జాగ్రత్తగా వాడాలి. కూస్తో తన గ్రంథానికి, 1956లో వచ్చిన చలనచిత్రానికి నిశ్శబ్ద ప్రపంచమనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ ప్రపంచం నిశ్శబ్దమైనది కాదు. ఆరోగ్యంగా ఉన్న దిబ్బ రొయ్యల చిటపటలతో, చేపల గురగురలతో సంతలా ఉంటుంది. అమెరికన్ వర్జిన్ దీవులలో పరిశోధకులు అటువంటి దిబ్బ చప్పుళ్ళను పట్టి, పాడైపోయిన దిబ్బ దగ్గర నీటి అడుగున వినిపించగా, పగడపు డింభకాలు అక్కడ ఎక్కువగా వచ్చి స్థిరపడినవని 2024లో ప్రకటించారు. నీటిలో పుట్టిన పసిప్రాణి చెవులు లేకుండానే తన ఊరి సందడిని పోల్చుకొంటున్నదన్నమాట. ఒడ్డున మనిషి చేసే మోతకు, వేసే దీపాలకు హద్దు ఉండవలసిన కారణాలలో ఇదొకటి. తీరపు దీపాలు చూసి, గ్రుడ్డు నుంచి అప్పుడే వెలువడిన తాబేలు పిల్లలు సముద్రమనుకొని ఊరివైపు ప్రాకడం అందరెరిగినదే. బొనేర్‌కు ఎదురుగా ఉన్న క్లైన్ బొనేర్ అనే లంక 1999లో ప్రజల పక్షాన కొనబడినది. అందుకే ఈనాటికీ అక్కడ ఇల్లు లేదు, దీపం లేదు. తాబేళ్ళు వచ్చి గ్రుడ్లు పెట్టిపోతాయి.

అయితే చిన్నదల్లా మంచిదని చెప్పడం అన్యాయం. పగడపు సున్నపురాయి జల్లెడ వంటిది. నాలుగు గదుల ఇంటివెనుక సెప్టిక్ ట్యాంకు నుంచి ఊరిన మురుగు ఆ రాతిలోనుంచి నేరుగా దిబ్బకు చేరుతుంది. దానివల్ల నాచు పెరిగి పగడాన్ని క్రమ్మేస్తుంది. చక్కగా మురుగు శుద్ధిచేసే పెద్ద హోటలు, ఆ లెక్కన, అశ్రద్ధగల పది చిన్న ఇళ్ళకంటె మేలు. గాలి నింపే యంత్రం శుభ్రంగా ఉన్నదా, ఆపద వేళకు ప్రాణవాయువు సిద్ధంగా ఉన్నదా అన్నవి కూడా ఇంటి అందం చూసి మరచిపోగల ప్రశ్నలు కావు.

వీటిని మించిన చిక్కు ఒకటి ఉన్నది. బొనేర్ జనాభా 2011లో సుమారు 15 వేలు. 2024 నాటికి 25 వేలు. నేల మాత్రం అంతే. ఒక ఇంటిని యాత్రికుల బసగా మార్చితే నెలంతా కాపురముండే కుటుంబం ఇచ్చే అద్దె ఒక వారంలో వస్తుంది. అప్పుడు ఇంటి యజమాని ఏ త్రోవ త్రొక్కుతాడో ఊహించడం కష్టం కాదు. ఆ యజమాని ఎక్కడో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నవాడైతే, ‘ఊరివారి ఇంట్లో దిగినాను’ అని యాత్రికుడు పొందే తృప్తి ఉత్త భ్రమ. కాబట్టి అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఎన్ని గదులు?’ అన్నది కాదు. ‘ఇంటివారు ఈ ఊళ్ళో ఉంటారా?’ అన్నది. రెండవది, మురుగు ఎటు పోతున్నదని. ఈ రెండింటికి తిన్నని జవాబు వచ్చిన తరువాత మంచం మెత్తదనం గురించి అడగవచ్చు.

సెయింట్ లూషియాలో పుట్టిన కవి డెరెక్ వాల్కాట్ 1992లో నోబెల్ బహుమానం అందుకొంటూ చేసిన ప్రసంగాన్ని ట్రినిడాడ్‌లోని ఫెలిసిటీ అనే పల్లెలో జరిగే రామలీలతో మొదలుపెట్టాడు. తాను దానిని ఒక నాటకంగా చూశానని, ఆడేవారికి అది నాటకం కాదని దాపరికం లేకుండా ఒప్పుకొన్నాడు. యాత్రికుల కోసం అచ్చువేసే ప్రకటనలు ఆ దీవులను ఒట్టి నీలిరంగు కొలనుగా చూపడం ఆయనకు గిట్టలేదు. ఆ పల్లెవారి పూర్వులు ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారు. మద్రాసు రేవునుంచి ట్రినిడాడ్‌కు, గయానాకు పోయిన ఓడలలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. గయానా చెరకుతోటలలో వారికి చూపిన బసలను ‘లోజీ’లనేవారు: ఒక కప్పు క్రింద వరుసగా ఇరుకు గదులు, వాటిలో చాలావరకు అంతకుముందు నీగ్రో బానిసలు ఉండి విడిచినవి. ఆ సముద్రంలో చిన్న బస అన్న మాటకు ఇటువంటి అర్థం కూడా ఉన్నది.

బొనేర్‌లో ఆ అర్థం రాళ్ళలో నిలిచే ఉన్నది. ద్వీపానికి దక్షిణాన, ఉప్పుమళ్ళ ఒడ్డున, తెల్లని చిన్న చిన్న గుడిసెలు వరుసగా ఉన్నవి. 1850 ప్రాంతంలో ఉప్పు తీసే బానిసల కోసం ప్రభుత్వం కట్టించినవి. వారిని రాజుగారి బానిసలనేవారు. మనిషి నిలబడితే తల కప్పుకు తగులుతుంది. లోపలికి వంగి, ఇంచుమించు ప్రాకుతూ పోవాలి. లోపల పడుకోవడం తప్ప మరేమీ వీలు కాదు. 1863 జూలై 1న డచ్చి వలసలలో బానిసత్వం రద్దయ్యేవరకు అవే వారి బసలు. వాటికెదురుగా నేడు పేరున్న మునక రేవులు రెండున్నవి. యాత్రికులు ఆ గుడిసెల ముందు బండి నిలుపుతారు, సాధనాలు తగిలించుకొంటారు, ఛాయాచిత్రం తీసుకొంటారు, నీటిలోకి దిగిపోతారు. వారిని తప్పుపట్టడానికి లేదు. ఒక గంటకు సరిపడే గాలి మాత్రమే వారి వీపున ఉన్నది, పెద్ద హోటలుకు భోజనం వేళకు తిరిగి చేరాలి.

ఆ బానిసల ఇళ్ళూ వాకిళ్ళూ, పెళ్ళాం బిడ్డలూ ఉత్తరాన రింకన్ అనే ఊళ్ళో ఉండేవి. వారాంతంలో గంటల తరబడి నడిచి అక్కడికి పోయి, ఉన్న కొద్దిసేపు ఉండి, మళ్ళీ నడిచి వచ్చి గుడిసెలో దూరేవారు. రింకన్ ఈనాటికీ ఉన్నది. అక్కడివారిలో ఎంతోమంది ఆ నడిచినవారి సంతతే. విమానం ఎక్కడానికి ముందు సముద్రంలో దిగకూడని ఆ చివరి పగలు, చిన్న ఇంటివారిని అడిగితే దారి చెబుతారు. ఉప్పుమళ్ళ నుంచి అక్కడికి బండిలో గంట పట్టదు.