శిశుపోషణము: పసిబిడ్డకు మందు పట్టుట

బిడ్డను కాళ్లపై వెల్లకిల పరుండబెట్టి, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో మందు గొంతులో పోయుట మన యిండ్లలో చిరకాలముగా నున్న యలవాటు. మేమును మా తొలిచూలు బిడ్డకు అట్లే పోసితిమి. మందు పొలమాఱి బిడ్డ మొగము నీలివర్ణమైనపుడు మా పైప్రాణములు పైననే పోయినవి. ఏడ్చుచు ఊపిరి పీల్చు బిడ్డకు మందు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును గదా!

కావున బిడ్డను తల యెత్తుగా నుండునట్లు ఒడిలో కూర్చుండబెట్టుకొనవలయును. మందుల యంగడిలో దొరకు సూదిలేని సిరంజితో, గొంతువైపునకు గాక, బుగ్గ లోపలివైపున కొద్దిగా వదలవలయును. అది మ్రింగిన పిదపనే మఱికొంత. వంటింటి చెమ్చాలు పలు కొలతలవి. 5 మిల్లీలీటర్లన్నచో సిరంజిమీది గీతయే ప్రమాణము. సీసాపాలలో మందు కలుపరాదు. పాలు మిగిలినచో మందును మిగిలిపోవును. ఏడాది నిండని బిడ్డకు తేనెలో రంగరించి యీయరాదు. తేనెవలన బొటులిజమను ప్రమాదకరమగు వ్యాధి కలుగవచ్చును. బిడ్డ మందు కక్కినచో, వైద్యుని అడుగక మఱల పట్టరాదు.

ఇంటి పెద్దలు అలవాటు చొప్పున ముక్కు మూయబోయినచో, వారి మనసు నొప్పింపక ఈ సంగతి విన్నవించి, బిడ్డను మన యొడిలోనికి తీసికొందము.