బెజ్జం లేని డ్రమ్మే కొందాం

మన విద్యార్థి సంఘం వారు ఈ సంవత్సరం కాలేజీకి కొత్త డ్రమ్ సెట్టు కొనాలని తీర్మానించారు. సంతోషం. అయితే తీర్మానమైన మర్నాటి నుంచీ క్యాంటీనులో ఒక తగాదా మొదలైంది. బేస్ డ్రమ్ముకి పైన బెజ్జం ఉన్నది కొనాలా, లేనిది కొనాలా? బయటివారికి ఇదేదో వేళాకోళంలా తోచవచ్చు. మొదట్లో నాకూ అలాగే తోచింది. ఇప్పుడు తోచడం లేదు. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

వాద్యాలతో పరిచయం లేని మిత్రుల కోసం ముందు సంగతేమిటో చెబుతాను. డ్రమ్ సెట్టులో నేలమీద పక్కకి పడుకోబెట్టి, కాలితో పెడల్ తొక్కి వాయించే పెద్ద డ్రమ్మే బేస్ డ్రమ్. ఎక్కువగా 20 అంగుళాలో 22 అంగుళాలో అడ్డకొలత ఉంటుంది. దాని నెత్తిన టామ్ అనే చిన్న డ్రమ్ము ఉంటుంది. ఆ టామ్‌ని నిలబెట్టడానికి రెండు దారులు. బేస్ డ్రమ్ చెక్కకి బెజ్జం వేసి, ఇనప పట్టీ బిగించి, అందులో గొట్టం దింపి టామ్‌ని తగిలించడం ఒకటి. బేస్ డ్రమ్ జోలికి పోకుండా టామ్‌కి విడిగా స్టాండు పెట్టడం రెండోది.

అసలు ఈ పెద్ద డ్రమ్ము పుట్టుకతో బెజ్జం ఉన్నది కాదు. మన ఊళ్ళలో పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం వాళ్ళు గుండెలకి తగిలించుకుని రెండు వైపులా మోగించే డ్రమ్ము చూడండి. దానికి నెత్తిన బెజ్జంతో పనేమిటి? అమెరికాలో 1909లో విలియం లడ్విగ్ వేగంగా పనిచేసే పెడల్ తయారుచేశాక, ముగ్గురు వాయించే పని ఒక్కడు కూర్చుని వాయించడం సులువైంది. మిగతా డ్రమ్ములన్నీ అతని చేతికి అందాలి కనుక, అవి వచ్చి పెద్దదాని వీపెక్కాయి. బీటిల్స్ బృందపు రింగో స్టార్ 1963లో తీసుకున్న లడ్విగ్ సెట్టులో బేస్ డ్రమ్ 20 అంగుళాలది, టామ్ దానిమీదే బిగించి ఉండేది. ఆ ఫోటోలు చూసినవాళ్ళకి డ్రమ్ సెట్టంటే అలాగే ఉండాలన్న అభిప్రాయం పాతుకుపోయింది.

బెజ్జం వద్దనేవారి మొదటి వాదన శబ్దం గురించి. చెక్కకి బెజ్జం వేస్తే నాదం చచ్చిపోతుందట! సైన్సు విద్యార్థిగా ఈ వాదన నేను ఒప్పుకోలేను. తోలుని బిగించే లగ్గులు ఒక్కో వైపు 8 చొప్పున ఉన్నాయనుకోండి. రెండు వైపులా 16. ఒక్కోదానికి రెండు మరల లెక్కన 32 బెజ్జాలు అప్పటికే ఉన్నాయి. ముందు కాళ్ళ మరలు, గాలి పోయే రంధ్రం వీటికి అదనం. అంటే “బెజ్జం లేని డ్రమ్” అనేదే నిజానికి లేదు, నెత్తిన బెజ్జం లేనిది మాత్రమే ఉంది. పైగా డ్రమ్ము పలుకు ముందు తోలుది, తర్వాతే చెక్కది. మృదంగం మధ్యనున్న నల్లటి కరణి వల్లనే దాని స్వరాలు ఒక వరుసలో పలుకుతాయని సి.వి. రామన్ 1920లోనే ‘నేచర్’ పత్రికలో వివరించారు. మనవాళ్ళేమో బేస్ డ్రమ్ములో హాస్టల్ దుప్పటి కుక్కి వాయిస్తారు. దుప్పటి మింగని నాదాన్ని బెజ్జం మింగిందంటే ఎవరు నమ్ముతారు? టామ్ బరువంతా పైన పడితే పల్చటి చెక్క కొంత కుంగి, మోత కొంత మారవచ్చు. అది వేరే సంగతి. మన ఆడిటోరియం వెనక బెంచీలో కూర్చున్నవాడికి ఆ తేడా వినపడదని మాత్రం నా నమ్మకం.

అందుకే నేను చాలాకాలం బెజ్జం పక్షమే. స్టాండు ఖర్చు తగ్గుతుంది, మోసే సామాను తగ్గుతుంది, స్టేజీ మీద చోటు కలిసొస్తుంది. ఇందులో కాదనేదేముంది?

నా అభిప్రాయం మారిన కథ ఇప్పుడు చెబుతాను. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

మన పాత సెట్టులో బేస్ డ్రమ్ 22 అంగుళాలది, బెజ్జం ఉన్నది. నేను దాదాపు ఆరడుగుల మనిషిని. మొదటి సంవత్సరం నుంచీ దానిమీదే నేర్చుకున్నాను. ఏనాడూ ఇబ్బంది అనిపించలేదు. నిరుడు ఒక జూనియర్ అమ్మాయి నేర్చుకుంటానని వచ్చింది. మనిషి పొట్టి. తాళజ్ఞానం మాత్రం నాకంటే గట్టిది. రెండు రోజులు అవస్థపడి, “స్టూలు ఎత్తితే కాలు పెడల్‌కి అందట్లేదన్నా, దించితే చెయ్యి టామ్‌కి అందట్లేదు” అంది. టామ్‌ని ఎంత కిందికి దించగలమో అంతా దించాం. అడుగు వెళ్ళి బేస్ డ్రమ్ముకి తగిలింది. ఇక దిగదు. అప్పుడు నేనన్న మాట, “నీకు కుదరదులే అమ్మా, కాంగో నేర్చుకో.” ఆ పిల్ల ఏమీ అనలేదు. కర్రలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

వారం తిరగకుండా ఆ ఇనప పట్టీలో మర అరిగిపోయింది. ఎంత బిగించినా రెండు పాటలకే టామ్ వాలిపోయేది. పట్టీ చుట్టూ చెక్క కూడా పొరలు లేచింది. వేరే దారిలేక మూలపడి ఉన్న స్నేర్ స్టాండు తీసి, టామ్‌ని అందులో కూర్చోబెట్టాం. బేస్ డ్రమ్ అంచుకి ఇవతలగా, ఇదివరకటి కంటే నాలుగు వేళ్ళు కిందికి వచ్చింది. చూడగానే నాకు ఆ అమ్మాయి గుర్తుకొచ్చింది. వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాం. అదే సెట్టు, అదే మనిషి. వాయించింది! వార్షికోత్సవం నాడు రెండు పాటలకి డ్రమ్స్ ఎవరు వాయించారో మీరంతా చూశారు.

లోపం ఆ అమ్మాయి ఎత్తులో లేదు. ఎవడో ఒక పొడుగాటి మనిషిని ఊహించుకుని వేసిన బెజ్జంలో ఉంది. ఆ సంగతి తెలుసుకోకుండా నేను తీర్పు చెప్పేశాను.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఈ మాట నాన్నతో అన్నాను. మాది మెట్ట వ్యవసాయం. మా తాత వాడిన కొయ్య గొర్రు ఇంకా పశువుల కొట్టంలో ఉంది. దాని అడ్డకర్రకి బెజ్జాలు వేసి కాళ్ళు దిగ్గొట్టి ఉంటాయి. ఆ బెజ్జాల మధ్య ఎంత ఎడముంటే సాళ్ళ మధ్యా అంతే ఎడం. ఎడం మారాలంటే ఇంకో గొర్రు ఉండాల్సిందే. ఇప్పుడు ట్రాక్టరు వెనక కట్టే కల్టివేటరుకి కాళ్ళని బిగింపులతో పట్టిస్తారు. మర వదులుచేసి అటూ ఇటూ జరుపుకోవచ్చు. నాన్న నవ్వి, “అందుకేరా, చెక్కకి బెజ్జం వేసేముందు నాలుగు పంటలు ఆలోచించాలి” అన్నారు.

కాలేజీ డ్రమ్ సెట్టు కూడా నాలుగు పంటల గొర్రే. సొంతానికి కొనుక్కునేవాడు తన ఎత్తుకి తగ్గట్టు బెజ్జం ఉన్నదే కొనుక్కోవచ్చు. రోజుకో ఊళ్ళో కచేరీ చేసే ఆర్కెస్ట్రా వాళ్ళకి సామాను తక్కువ కావాలి, వారికి బెజ్జమే మేలు. మనది అలా కాదు. ఏటేటా కొత్త బ్యాచ్ వస్తుంది. పొట్టివాళ్ళు, పొడుగువాళ్ళు, ఎడమచేతి వాటం వాళ్ళు, అందరూ ఫీజు కట్టినవాళ్ళే. వాళ్ళలో చాలామంది నాలాగే సొంతంగా డ్రమ్స్ కొనుక్కోలేనివాళ్ళు. ఈ సెట్టు దగ్గర కుదరకపోతే వాళ్ళకి ఇంకెక్కడా కుదరదు.

ఇబ్బందులు లేవని నేననను. ఒక స్టాండు అదనంగా కొనాలి, మోయాలి. దాని మూడు కాళ్ళూ పెడల్ కాళ్ళతో, హై-హ్యాట్ కాళ్ళతో చిక్కుపడకుండా సర్దడం నేర్చుకోవాలి. సరిగ్గా బిగించకపోతే పాట మధ్యలో టామ్ కదిలిపోతుంది. ఇవన్నీ ఓపికతో తీరే ఇబ్బందులు. పైగా బెజ్జం లేనిదానికి కావాలంటే రేపు బెజ్జం వేయించుకోవచ్చు. వేసిన బెజ్జాన్ని పట్టీతో మూయగలం గానీ తీసివేయలేం.

కనుక సంఘం పెద్దలకు నా మనవి ఇది. నెత్తిన బెజ్జం లేని బేస్ డ్రమ్ కొనండి, వీలైతే 20 అంగుళాలది. దానితోపాటు స్నేర్ స్టాండు ఒకటి అదనంగా తీసుకోండి. మా తర్వాత వచ్చేవారెవరూ తొందరపడి బరమా పట్టుకోకుండా, స్టాక్ రిజిస్టరులో ఆ డ్రమ్ము పేరు ఎదుట ఒక్క ముక్క రాయించండి: “దీనికి బెజ్జం వేయరాదు.”