రంగు మనది, లాభం ఎవరిది?

దీపావళి వెళ్ళిన మర్నాడు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు బంతిపూలు తీసుకుపోతే ఆటో కిరాయి కూడా గిట్టదు. బతుకమ్మకు, దసరాకు ఎగబడి కొన్న పువ్వును ఆనాడు అడిగే నాథుడుండడు. కొందరు అక్కడే పారబోసి వస్తారు. అదే పువ్వుతో రంగేసిన చున్నీకి నగరంలో 'సహజ రంగు' అని చీటీ కట్టి మంచి ధరకు అమ్ముకుంటున్నారు. ఈ రెంటికీ నడుమ ఉన్న పని మన ఇళ్ళలో పొయ్యి మీద చేసుకోగలిగిందే.

కిలో నూలు బట్టను ఉడకబెట్టి గంజి పూర్తిగా పోగొట్టాలి. 200 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పిండి ఆరేయాలి. తర్వాత 150 గ్రాముల పటిక కరిగించిన వేడి నీళ్ళలో మళ్ళీ నానబెట్టాలి. కిలో ఎండు బంతి రేకులు గంటసేపు మరిగించి, వడగట్టి, ఆ నీళ్ళలో బట్టను సన్న సెగ మీద ఇంకో గంట ఉంచి నీడలో ఆరేస్తే మంచి పసుపు రంగు వస్తుంది. స్టీలు గిన్నె వాడాలి, ఇనుము తగిలితే రంగు నల్లబడుతుంది. (శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు నలుపు కోసం పాత ఇనుమును బెల్లం నీళ్ళలో కావాలనే పులియబెడతారు.) మలక్‌పేటలో ఊడ్చి పారేసే ఉల్లి పొట్టుతోనూ ఇట్లాగే చేయొచ్చు. కానీ వంటింటి పసుపు వద్దు, ఎండకు నిలవదు. వెలిసిపోయే సరుకు అమ్మితే పోయేది మన పేరే.

పండుగ గిరాకీకి ఇది బదులని నేననడం లేదు. పది కిలోల పచ్చి పువ్వు ఎండితే మిగిలేది కిలో, కిలోన్నర. అయితే ఎండిన పువ్వు కుళ్ళదు, దళారి చెప్పిన ధరకు ఆ పూటే తెగనమ్ముకోవాల్సిన అగత్యం ఉండదు.

రేపు ఏ కంపెనీయో వచ్చి 'నీలి వేయండి, మేం కొంటాం' అంటే మాత్రం ఆగి ఆలోచించాలి. నీలి చెడ్డ పంట కాదు. పప్పుజాతి మొక్క, భూమికి నత్రజని ఇస్తుంది, రంగు తీసిన పిప్పి ఎరువవుతుంది. ఒకప్పుడు కడప జిల్లా నీలిమందుకు పేరుండేది. కానీ ఆ మొక్క పేరు మీదే బెంగాల్ రైతులు 1859లో తిరగబడాల్సి వచ్చింది. చంపారన్‌లో 20 కఠాల్లో 3 కఠాలు నీలి వేసి తీరాలన్నారు. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్‌ఎఫ్ కృత్రిమ నీలిని మార్కెట్లోకి తెచ్చాక గిరాకీ పడిపోయింది. తెల్లదొరలు ఆ నష్టాన్ని శిస్తు పెంచి రైతు నెత్తిన రుద్దారు. 1917లో గాంధీ అక్కడికి పోయాక, 1918 చట్టంతో గానీ ఆ పద్ధతి రద్దు కాలేదు. ధర, కొనే పరిమాణం, కొనకపోతే పరిహారం కాగితం మీద లేని ఒప్పందానికి ఏ రైతూ వేలిముద్ర వేయొద్దని నా మాట. అడవిలో ఏరే కరక్కాయకు కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తోంది. చేలో పండే బంతికి, నీలికి అదీ లేదు.

మా అల్మాస్‌గూడలో పొలాలు చాలావరకు ప్లాట్లయిపోయాయి. పండించేది తక్కువే గానీ, కొనేవాళ్ళు దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ దాకా ఉన్నారు. చేవెళ్ల, షాబాద్ వైపు బంతి రైతులకూ ఇక్కడి మహిళా పొదుపు సంఘాలకూ నడుమ మన సంఘం నిలబడాలి. బంతి నారు పోసేనాటికే పూలు ఆరబెట్టే తడకలు, ఎండు పువ్వుకు కిలో ధర తేల్చుకోవాలి. సరూర్‌నగర్ రైతుబజార్‌లో రంగేసిన బట్టకు ఒక స్టాలు ఇవ్వాలని మార్కెటింగ్ శాఖకు వినతిపత్రం పెడదాం. వచ్చే మండల కమిటీ సమావేశంలో ఈ మూడూ ఎజెండాలో చేర్చాలని కోరుతున్నాను.